మూడు చప్పట్లు

తాళం వేసేవాళ్ళు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. మధ్యాహ్నం రెండు గంటలు. సర్కారు బడి కింది గదిలో నలభై మంది పసివాళ్ళు చాపల మీద వరసగా పడుకుని ఉన్నారు. వచ్చిన ముగ్గురిలో ఒకడు చెప్పులతోనే చాపలు తొక్కుకుంటూ వెళ్ళి గోడకు కాగితం అంటించాడు. శిశు సంరక్షణ కేంద్రం రద్దు. సిబ్బంది మిగులు. గది కాంట్రాక్టరుకు అప్పగింత.

ఆ మిగులు సిబ్బంది ఆయమ్మే. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదికి ఆమే దిక్కు. ఆమె మూడు చప్పట్లు కొట్టిందంటే ఎంతటి పిడుగైనా ఉన్నచోటే పడుకుని కళ్ళు మూసుకోవాలి. "నేను చెప్పేదాకా ఎవరూ లేవకూడదు" అంటుంది. ఎవరూ లేవరు. పిల్లల దగ్గర అంత మాట చెల్లించుకునే మనిషికి పెద్దవాళ్ళ ముందు నోట్లో నాలుకే ఉండదు.

ఆ రోజూ అంతే. పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, మొహాలు తుడిచి వరండాలో కూర్చోబెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. చీపురు తెచ్చి గదంతా ఊడ్చింది. చాపలు దులిపి చుట్టింది. తాళంచెవి రెండు చేతులతో అందించి దండం కూడా పెట్టింది. బుద్ధిగా పనిచేసేవాళ్ళకు దొరలు నేర్పిన జబ్బు అది.

పది రోజులయ్యాక ఆమె, ఆ పిల్లల్లో ఒకరి తల్లి అయిన లౌడ్‌స్పీకర్ ఇంటికి వెళ్ళింది. లౌడ్‌స్పీకర్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. మిషన్ల మోతను మించి వినబడే గొంతు కాబట్టి ఆ పేరు. ఆమె ఇంట్లో లేదు. తలుపుకు బయట గొళ్ళెం ఉంది. కిటికీలోంచి చూస్తే ఆమె నాలుగేళ్ళ కూతురు మంచం కోడుకు తాడుతో కట్టేసి ఉంది. పక్కన గ్లాసుతో నీళ్ళు. ఆయమ్మ గొళ్ళెం తీసి లోపలికెళ్ళి తాడు విప్పింది. చీలమండ చుట్టూ ఎర్రగా వాత తేలింది. సాయంత్రందాకా పాపను ఒళ్ళోంచి దించలేదు.

తల్లి వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తిట్టు ఆయమ్మా. పడతాను. మొన్న పొయ్యి మీదికి ఎక్కింది. ఏం చెయ్యను? ఇప్పుడు ఆ కాంట్రాక్టరు నడిపే గదిలో వెయ్యాలంటే సగం జీతం వాడి ఫీజుకే పోవాలి. పని మానేస్తే పొయ్యే వెలగదు."

"నిన్నెందుకు తిడతానమ్మా? గది ఊడ్చి మరీ ఇచ్చాను చూడు, నన్ను తిట్టాలి" అంది ఆయమ్మ. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

ఆదివారం బడి గోడ పక్కన మీటింగు పెట్టారు. తల్లులూ తండ్రులూ నూరు మందిదాకా వచ్చారు.

"ఇంకో అర్జీ పెడదాం. మర్యాదగా అడిగితే పోయేదేముంది?" అన్నాడు తాపీమేస్త్రీ.

గదికి తాళం వేయించిన కమిషనర్ ఆఫీసులో మొన్నటిదాకా పనిచేసిన టైపిస్టు లేచింది. "మీ అర్జీలు ఎక్కడున్నాయో తెలుసా అన్నా? బీరువా ఒరుగుతోందని దాని కాలి కింద పెట్టారు. ఇవాళ కింది గది, వచ్చే ఏడు పై గదులు. బడి మొత్తం కాంట్రాక్టరుకే. ఆ కాగితం టైపు చేసింది నేనే. మిగులు సిబ్బందిలో నా పేరూ నేనే టైపు చేసుకున్నా."

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇదీ మన సర్కారు" అంది లౌడ్‌స్పీకర్. "ఈ పిల్లలు వాళ్ళ బాధ్యత కాదంటున్నారుగా. రేపు తీసుకెళ్ళి వాళ్ళ ముందే వదిలేద్దాం."

"పిల్లల్ని అడ్డం పెట్టుకుంటారా?" మేస్త్రీ కోపంగా అన్నాడు.

"మంచానికి కట్టెయ్యడం కంటే నయమే అన్నా" అంది ఆయమ్మ. ఆమె మీటింగులో మాట్లాడటం ఎవరూ ఎరగరు.

మర్నాడు పది గంటలకు నలభై మంది పిల్లలు కమిషనర్ ఆఫీసు హాల్లో ఉన్నారు. తల్లులు గోడల వెంట కూర్చున్నారు. పదిన్నరకు ఫైళ్ళ మీద నీళ్ళు ఒలికాయి. పదకొండుకు ఒకడు కమిషనర్ కుర్చీ కింద ఉచ్చ పోశాడు. ఏడుస్తున్న పిల్లను చూసి ఆయమ్మ చేతులు లాగుతున్నాయి. వాటిని చంకల్లో బిగించి కూర్చుంది.

"ఏమిటీ గోల? ముందు వీళ్ళ నోరు మూయించు" అన్నాడు కమిషనర్.

"నేను మిగులు సిబ్బందిని కదా సార్. మీ కాగితమే చెప్పింది."

పన్నెండుకు పోలీసులు దిగారు. పిల్లల్ని ఎత్తి బయట పెట్టమన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పుడు ఆయమ్మ లేచి నిలబడి మూడు చప్పట్లు కొట్టింది. నలభై మందీ ఎక్కడివాళ్ళక్కడ పడుకున్నారు. గుమ్మాలకు అడ్డంగా, మెట్ల మీద, కమిషనర్ బూట్ల పక్కన. హాలంతా నిశ్శబ్దం. కాలు పెట్టే చోటు లేదు.

"దీన్నే ముందు ఎక్కించండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. బేడీలు తేలేదు. మహిళా కానిస్టేబుల్ తాడు తెచ్చి ఆయమ్మ మణికట్లు కట్టింది.

తాడు చూడగానే లౌడ్‌స్పీకర్ కూతురు లేచి కూర్చుంది.

"అమ్మా, ఆయమ్మను ఎందుకు కట్టేశారు? వాళ్ళమ్మ పనికెళ్ళిందా?"

లౌడ్‌స్పీకర్ పాప కాలి మీది వాతను కొంగుతో కప్పబోయింది. కానిస్టేబుల్ పాప చీలమండ వైపు చూసి తల దించుకుంది. అయినా ఉద్యోగం ఉద్యోగమే. ఆయమ్మను నడిపించుకెళ్ళి వ్యాన్ ఎక్కించింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెంటబడ్డారు.

వ్యాన్ కదలబోతుంటే గేటు దగ్గర టైపిస్టు నిలబడి మూడు చప్పట్లు కొట్టింది. పిల్లలు జారి దిగి రోడ్డు మీద పడుకున్నారు. వాళ్ళ పక్కన తల్లులు పడుకున్నారు. తాపీమేస్త్రీ సైకిలు పడేసి వ్యాన్ చక్రం ముందు అడ్డంగా పడుకున్నాడు. ఆఫీసులోంచి ఇద్దరు గుమాస్తాలు వచ్చి, కాసేపు తటపటాయించి, వాళ్ళూ పడుకున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్క తల కూడా లేవలేదు.

వ్యాన్ ఊచల్లోంచి ఆయమ్మ అరిచింది.

"నేను చెప్పేదాకా ఎవరూ లేవకూడదు."