దొర బంగళా వెనక మెట్లు

నేను ఒక పొలంలో బంగళాని. సముద్రపు ఉప్పుగాలి తగిలేచోట కొబ్బరితోట వేసుకోవడానికొచ్చిన ఓ తెల్లదొర నన్ను కట్టించాడు. గానుగ సున్నంలో బెల్లంనీళ్లూ కరక్కాయ రసమూ కలిపి రెండు మూరల మందాన గోడలు లేపారు. టేకు దూలాలు బర్మా నుంచి ఓడలో వచ్చాయి. చుట్టూ వసారా, పైన డాబా. డాబా మీదికి లోపల చెక్కమెట్లు దొరకి, వెనక గోడ బయట ఇటుక మెట్లు పనివాళ్లకి. వాళ్ల మొహం కనపడకుండా పని మాత్రం జరిగిపోవాలని దొరగారి ఏర్పాటు.

దొర వెళ్లిపోయాక భావన్నారాయణగారు కొన్నారు. ఒకరోజు తోటలో పనిచేసే పేట ఆడవాళ్లు బయటి మెట్లెక్కి డాబా మీద మిరపకాయలు ఎండబోస్తుంటే, కింద పడుకున్న ఆయనకి అడుగుల చప్పుడు వినపడింది.

"నా నెత్తిమీద వీళ్లు నడవడమేంటే?" అన్నారు భార్య తులశమ్మతో.

"అయితే ఆ కాయలు మీ నెత్తిమీదే పోసుకుని ఎండబెట్టండి."

ఆయన నవ్వలేదు. బయటి మెట్లు పలుగులతో కొట్టించేశారు.

ఆ కార్తీకంలో పట్టపగలే ఉప్పెన వచ్చింది. పేటలో గుడిసెలన్నీ పడిపోయాయి. గట్టి కట్టడం నేనొక్కదాన్నే గనక జనం నావైపు పరుగెత్తారు. బయటినుంచి ఎక్కడానికి మెట్లు లేవు. అప్పటికే భావన్నారాయణగారు వీధితలుపు వేయించి, నీళ్లు రాకుండా దాని వెనక వడ్లబస్తాలు పేర్పించి, డాబా ఎక్కేశారు.

"అమ్మగారూ! తలుపు తియ్యండమ్మా!"

నా వసారాలు ఊడ్చే రూతమ్మ గొంతు అది. తులశమ్మ గబగబా కిందికి దిగింది. తడిసి ఉబ్బిన బస్తా ఒక్కటీ కదల్లేదు. మళ్లీ పైకొచ్చి, కట్టుకున్న చీరే విప్పి గోడ మీంచి వదిలింది. పీకల్లోతు నీళ్లలో ఉన్న రూతమ్మ దాన్ని చేతికి చుట్టుకుంది.

"చూస్తారేంటండీ, పట్టండి!"

ఆయన పట్టారు, కాదనను. ఇద్దరూ లాగారు. అయితే దొర ముచ్చటపడి నా డాబా అంచు చుట్టూ సున్నంతో కత్తివాదర లాంటి పట్టీ తీర్పించుకున్నాడు. దానిమీద ఒరుసుకుని చీర తెగింది. తెగిన ముక్క చేతికి ఉండగానే రూతమ్మ నీళ్లలో కొట్టుకుపోయింది.

నాకు వెంట్రుకంత బీట పడలేదు. నీళ్లు తీశాక ఆఫీసర్లు వచ్చి గోడలు తట్టిచూసి మెచ్చుకున్నారు. "నేనూ లాగానండీ, పాపం, చీర తెగింది" అని భావన్నారాయణగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. మెట్ల మాట మాత్రం ఎత్తేవారు కాదు.

తులశమ్మ ఎదురుగా తాటాకు పాక వేయించుకుని అందులోకి మారిపోయింది.

"బంగళా ఉండగా పాకలో ఏంటే, నలుగురూ నవ్వరూ?" అని ఆయన బతిమాలారు. "మళ్లీ ఉప్పెనొస్తే?"

"వస్తే రూతమ్మకొచ్చినట్టే నాకూ వస్తుంది," అంది ఆవిడ పొయ్యి ఊదుకుంటూ. "మీరు పైకెక్కండి. నాకు మాత్రం చీర వదలకండి."

ఆయన లోపలికొచ్చి తలుపు వేసుకున్నారు. నాకు చేతనయింది నిలబడటం ఒక్కటే.