ఉంగరపు వేలు

సీతాలు కుడిచెయ్యి మొట్టమొదట మొద్దుబారిన రోజున ఒక కానాగంత చేప బతికిపోయింది. అంటే, అప్పటికే చచ్చిన కానాగంతే అనుకోండి. కానీ తోముతుంటే వేళ్లలోంచి జారి, కత్తిపీట దాటి, గడప దాటి, పెదజాలరిపేట సందులో పడి, ఇంకో రెండు గెంతులేస్తే సముద్రంలో కలిసిపోయేదేనని అత్త గంగాలమ్మ పేటంతా తిరిగి చెప్పింది.

"సచ్చిన సేపని పట్టుకోలేందానివి, సంసారం ఏటి పట్టుకుంటావే?" అంది.

బోటు దిగొచ్చిన మొగుడు కన్నబాబు, ఉప్పుకి అట్టకట్టిన లుంగీలు ఆమె ముందు పడేసి నవ్వాడు. "సెయ్యి కాదమ్మా, బద్ధకం తిమ్మిరెక్కింది దీనికి. ఫేను కింద కూసునే ఉజ్జోగం గదా!"

ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగమట! మెడికల్ కాలేజీ లైబ్రరీలో, ఏజెన్సీ తరఫున అటెండరు. మెదడు, నరాల పుస్తకాలున్న బీరువా ఆమెది. అందులో ఒక్కో పుస్తకం బరువు ఎంతంటే, పసిపిల్లంత కాదు, పసిపిల్లని చంకనేసుకున్న తల్లంత. ఆ బీరువా వచ్చినప్పటినుంచి మేడ మొత్తం సముద్రం వైపు బెత్తెడు ఒరిగిందని సీతాలు ఒట్టేసి చెప్పగలదు. వాటిని దించాలి, తుడవాలి, ఎక్కించాలి. తెల్లారకుండా ఇంట్లో తోమినవీ పిండినవీ రుబ్బినవీ అయ్యాకే ఇవి.

ఈ తిమ్మిరి మొదలై మూడేళ్లయింది. పొద్దున్నే లేచేసరికి అరచేతిలో చీమలదండు. విదిలిస్తే కాస్త సర్దుకునేది. తర్వాత విదిలించినా పోలేదు. ఓ రోజు చేతిలోంచి పుస్తకం జారింది, ఇంకో రోజు ఇంకోటి. లైబ్రేరియన్ గురునాథరావు కళ్లజోడు మీదనుంచి చూసి, "ఇంకొక్కటి కింద పడిందంటే ఏజెన్సీకి ఫోన్ చేస్తా సీతాలూ. రెండు చేతులూ ఉన్న మనిషిని పంపమంటా" అన్నాడు. ఆ రోజునుంచి పనంతా ఎడమచేతిదే. కుడిచెయ్యి చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచులా పక్కన ఊరికే ఉండేది.

ఇక భయం. ఐదో తరగతి చదువుకి ఇంగ్లీషు అక్షరాలు కొరుకుడు పడవు గానీ, బొమ్మలకి చదువెందుకు? దుమ్ము తుడుస్తూ పేజీలు తిప్పేది. మూతి వంకరపోయిన మనిషి బొమ్మ కనబడితే ఆ పూట తన మూతి అద్దంలో పదిసార్లు చూసుకునేది. కాలు ఈడ్చే మనిషి బొమ్మ చూసిన రోజు బస్సు దాకా తన కాళ్లే లెక్కపెట్టుకుంటూ నడిచేది. ఒక వారంలో ఆమెకు రాని జబ్బు లేదు, చావని చావు లేదు. అన్నిటికన్నా భయం పచ్చవాతమంటే. మంచాన పడితే తనకెవరు చేస్తారు? ఇంట్లో అందరికీ చేసేది తనొక్కతే కదా, తనకు చెయ్యడానికి ఇంకో తను ఎక్కణ్ణించి వస్తుంది?

అలా తిప్పుతుంటేనే దొరికింది చెయ్యి బొమ్మ. అట్ట ఊడిన పాత పుస్తకంలో. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు నల్లగా గీతలు గీసి, ఉంగరపు వేలు మాత్రం నిలువునా సగానికి చీల్చి ఒకవైపే గీతలు పెట్టారు. అదే బొమ్మ కొత్తగా కొన్న నిగనిగలాడే పుస్తకంలోనూ ఉంది, కానీ అందులో ఉంగరపు వేలంతా రంగే. సీతాలు భుజం మీది పిన్నీసు తీసి తన ఉంగరపు వేలికి గుచ్చుకుంది. మధ్యవేలి వైపు గుచ్చితే ఏమీ లేదు, కర్రకి గుచ్చినట్టే. చిటికెన వేలి వైపు గుచ్చితే, అమ్మో, ప్రాణం జివ్వుమంది! ఆ పాత బొమ్మ గీసినవాళ్లెవరో గానీ, తెల్లవారుజామున తన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకు చూసినట్టే ఉంది. ఇంట్లో ఎవరూ నమ్మని సంగతిని పుస్తకం నమ్మింది. బొమ్మ కింద నాలుగు వరుసలున్నాయి. చెయ్యి తిరిగొస్తుందా, పడిపోతుందా, అందులోనే రాసుండాలి. ఎవరిని చదవమనాలి? అడిగితే ఎందుకంటారు. చెబితే ఉద్యోగం పోతుంది.

ఇంతలో ఆ బీరువాకే పరీక్ష వచ్చింది. ఏ పుస్తకం ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చాలని పైనుంచి కాగితం. గురునాథరావు ముద్రించిన సంవత్సరం చూసి రెండు గుట్టలు పెట్టించాడు. అట్ట లేనిది తూకానికి పోయే గుట్టలో పడింది. సంతకానికి నరాల విభాగం పెద్ద డాక్టరు రోజారమణి వచ్చింది. కలం మూత తీసింది.

సీతాలు తుడిచే గుడ్డ వదిలేసి ముందుకొచ్చింది. "మేడమ్, ఆ అట్ట లేని బుక్కు తీసెయ్యకండి."

"నీకేం తెలుసు? అది నువ్వు పుట్టకముందుది" అన్నాడు గురునాథరావు.

"పాతదైతే అబద్దమైపోద్దేటండి?"

డాక్టరమ్మ నవ్వింది. "ఎందుకుంచాలి, చెప్పు."

"అందులో సెయ్యి బొమ్మ నిజమండి. కొత్తదాంట్లో ఉంగరం ఏలంతా రంగేసీసారు. సగమే ఎయ్యాలి."

డాక్టరమ్మ రెండు పుస్తకాలూ తెరిచి పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. నవ్వు పోయింది. "నిజమే. నీకెవరు చెప్పారు?"

స్టూడెంట్లు అనుకుంటుంటే విన్నానండి, అనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరే ఉంది. గురునాథరావు చెయ్యి అప్పటికే ఫోన్ మీదుంది. సీతాలు కుడిచెయ్యి తెచ్చి బల్లమీద వెల్లకిలా పెట్టింది.

"ఇదే సెప్పిందండి."

డాక్టరమ్మ మణికట్టు మీద వేలితో తట్టింది. వేళ్లలోకి కరెంటు పాకింది. బొటనవేలి కింద పల్లమైన కండని నొక్కి చూసింది. "ఎన్నాళ్లనుంచి?"

"మూడేళ్లండి. పచ్చవాతమేనాండి?"

"కాదు. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. ఆలస్యం చేశావు గానీ, నయం చెయ్యొచ్చు."

మూడేళ్ల భయం ఒక్క మాటకి కరిగిపోతుందా? సీతాలుకి కూర్చోవాలనిపించింది. ఆ లైబ్రరీలో ఎప్పుడూ కూర్చోని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంటే ఇక బరువులెత్తలేదన్నమాట" అన్నాడు గురునాథరావు. "ఏజెన్సీకి చెప్పి వేరే మనిషిని..."

డాక్టరమ్మ ఆయన వైపు చూడకుండా బొమ్మ కింది వరుసల మీద వేలు పెట్టింది. "ఇది ఏ పని చేసేవాళ్లకి వస్తుందో ఇక్కడ ఉంది. వడ్రంగులు, టైపు కొట్టేవాళ్లు, డ్రిల్లు మిషను పట్టేవాళ్లు, వయొలిన్ వాయించేవాళ్లు..."

సీతాలు తన వంతు కోసం ఎదురుచూసింది. వరుస అయిపోయింది.

"ఆడోళ్ల ఇంటి పని?"

"లేదు."

"ఈ బుక్కులు మొయ్యడం?"

"అదీ లేదు" అంది డాక్టరమ్మ. కలం చేతికి తీసుకుంది. "నీ పనులు నువ్వు చెప్పు. పక్కన మార్జిన్‌లో నేను రాస్తాను."

సీతాలు ఆ మార్జిన్ వంక చూసింది. వేలెడు వెడల్పు కూడా లేదు. గురునాథరావు వైపు తిరిగింది.

"సార్, తెల్లకాయితాలు పట్రండి. ఇది సాలదు."