పాత సున్నం

కొండ మీది పిల్లల శిబిరాన్ని బాగుచేయడానికి, ఊరికే పనిచేసి పెడతామంటూ పదకొండుమంది వచ్చారు. అందులో పని తెలిసినవాడు ఒక్కడే, మేస్త్రి. మిగతా పదిమందికీ ఉత్సాహం తెలుసు.

ఆ ఉత్సాహం ఎంతదంటే, మేస్త్రి వచ్చేలోపే వాళ్ళు శిబిరం ముందున్న రాతిగోడను మొత్తం విప్పి కూర్చున్నారు. అరవై అడుగుల పొడవు, నడుమెత్తు గోడ. ఆటస్థలం మట్టి లోయలోకి జారకుండా కాసేది అదే. శిబిరం పదేళ్ళు మూతబడి ఉన్నప్పుడు వాననీళ్ళు వెనక చేరి, గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చింది. విప్పక తప్పదు. కానీ విప్పిన రాళ్ళను వరసగా పేర్చాలని ఏ ఒక్కరికీ తోచలేదు. బురదతో సహా ఒకే కుప్ప పోశారు.

మేస్త్రి సంచీ దించి ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "దీన్ని విప్పడం అనరు. భూకంపం అంటారు" అన్నాడు.

"పోనీ, భూకంపం బాగా వచ్చిందా లేదా?" అన్నాడు బస్సాయన.

బస్సాయన ముప్పై ఏళ్ళు కొండదారుల్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. స్టీరింగు వదిలాడు గానీ నోటికి మాత్రం బ్రేకు పడలేదు. ఒకసారి పొగమంచు ఎంత చిక్కగా పట్టిందంటే, గొడుగును దానికి ఆనించి బస్సు కిందికి దూరి, టైరు మార్చుకుని వచ్చేసరికి ఆ గొడుగు గాల్లో అలాగే నిలబడి ఉందట. ఇలాంటివి రోజుకు నాలుగు చెప్పేవాడు.

మేస్త్రి కూడా ఆ విద్యలో తక్కువ తిన్నవాడేం కాదు. "నేను కట్టిన గోడ ఎంత నున్నగా ఉంటుందంటే, బల్లులు దాని మీద పాకలేక ఇల్లు ఖాళీ చేసి పోతాయి" అనేవాడు. మూడేళ్ళ కిందటి దాకా పూటకొకటి కోసేవాడు. ఈ మధ్య ఎవరైనా ముందు మొదలుపెడితే తప్ప అతని నోట రావడం లేదు.

వీళ్ళందర్నీ పోగుచేసింది టీచరమ్మ. లెక్కలు చెప్పి రిటైరైంది. శిబిరం తాళాలు ఎక్కడెక్కడో తిరిగి సంపాదించింది. మొదటి జట్టు పిల్లలు నలభైమంది ఎనిమిది రోజుల్లో వస్తున్నారు. "గోడ లేకపోతే వాళ్ళను ఆటకు వదలను మేస్త్రిగారూ, అంతా మీ చేతుల్లోనే ఉంది" అంది.

"ఎనిమిది రోజులెందుకమ్మా, ఆరు చాలు. ఒక్కటే షరతు. ఇసుకా సిమెంటూ కలిపి మాలు చేసివ్వండి, నీళ్ళు తెచ్చివ్వండి. రాయి మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. ప్రతి రాయీ నా చేతి మీదుగానే పోవాలి."

పనివాడి పొగరనుకుని అందరూ నవ్వుకున్నారు. అది పొగరు కాదు.

పద్నాలుగేళ్ళ కిందట అతని కూతురు ఈ శిబిరానికి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. నడక రాకముందే గెంతడం వచ్చిందని మేస్త్రి దాన్ని మిడత అనేవాడు. పది రోజులుండి ఇంటికొచ్చి, గడప దాటకుండానే భుజం మీద గీరుకుపోయిన చోటు చూపించింది. ఇక్కడికొచ్చిన పిల్లలందరూ కింద వాగులోంచి తలా ఒక రాయి మోసుకొచ్చి గోడలో పెట్టాలట. తనూ పెట్టిందట. "నీ గోడల్లో నీ పేరుందా నాన్నా? నా రాయి మీద నా పేరుంది" అంది.

మేస్త్రి పగలబడి నవ్వాడు. "ఇంతకీ రాయి ముఖం బయటికి పెట్టావా, లోపలికి పెట్టావా? మేస్త్రి కూతురు ముఖం లోపలికి పెట్టిందంటే నా పరువు గంగలో కలుస్తుంది."

"నువ్వే వచ్చి చూసుకో."

"వస్తాను, వచ్చే వేసవికి."

వచ్చే వేసవి పదకొండుసార్లు వచ్చి వెళ్ళింది. ఏడాదికో కట్టడం అడ్డు. పన్నెండోది రాకముందే, ఇరవై నాలుగేళ్ళ మిడత తొమ్మిది రోజుల జ్వరంలో పోయింది. ఆ తర్వాత మేస్త్రి ఇంట్లో ఆ పిల్ల మాట ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. తను అంటే భార్య ఏడుస్తుందని ఇతను, తను అంటే మొగుడు అన్నం ముందు నుంచి లేచిపోతాడని ఆవిడ. శిబిరానికి పనివాళ్ళు కావాలని తెలిసినప్పుడు కూడా, "ఇంట్లో కూర్చుంటే చేతులు తుప్పు పడుతున్నాయే, పది రోజులు పోయొస్తా" అన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఆవిడ చొక్కాలు మడిచి సంచీలో పెట్టింది.

అదీ సంగతి. ఆ రాయి కనబడాలి. పేరు మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడాలి. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు.

మర్నాడు పొద్దున్నే దారం లాగి, రసమట్టం పెట్టి, పునాది వరస మొదలుపెట్టాడు. కుప్పలోంచి రాయి తీయడం, తడిగుడ్డతో బురద తుడవడం, ముఖం వెతకడం. రాయికి ముఖమంటే ఏమిటో మేస్త్రికి చెప్పనక్కర్లేదు. ఎండావానా తిని రంగు మారిన వైపే ముఖం. పేరంటూ ఉంటే అక్కడే ఉండాలి. రంగుతో రాశారో, మేకుతో గీశారో. చూసేవాడు, వేలితో తడిమేవాడు, ఏమీ లేక నిట్టూర్చేవాడు. తర్వాత రాయిని తిరగేసి, అడుగున పెచ్చులు కట్టి ఉన్న పాత సున్నాన్ని సుత్తితో ఠపఠపా రాల్చి, మాలు మీద కూర్చోబెట్టేవాడు. పాత సున్నం అంటుకున్న రాయికి కొత్త మాలు పట్టదు. తాపీ పట్టిన మొదటి రోజే గురువు మొట్టికాయ వేసి నేర్పే పాఠం అది. నలభై ఏళ్ళుగా అతని చెయ్యి ఆ పని అతన్ని అడగకుండానే చేస్తోంది.

రాలిన పెచ్చులను తట్టలో పోసి గోడ నడుమ ఖాళీల్లో నింపమన్నాడు. మంచి మేస్త్రి ఏదీ పారేయడు.

"ఏమయ్యా మేస్త్రీ," అన్నాడు బస్సాయన మాలు తట్ట దించుతూ, "ప్రతి రాయినీ సంతలో తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నావు. దీంట్లో నీకేమైనా బంధుత్వముందా?"

"ఉంది. ఇది నీకు అన్న. బుర్ర చూడు, అచ్చం నీదే."

"అన్నయ్యా!" అని బస్సాయన ఆ రాయిని కౌగిలించుకున్నాడు. టీచరమ్మ కూడా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. తర్వాతి రాయి అందుకున్నాడు.

అలా నాలుగు రోజులు గడిచాయి. ముఖాలన్నీ ఖాళీ. పద్నాలుగేళ్ళ వానలకు రంగు కొట్టుకుపోయి ఉంటుందని ఒక్కోసారి భయపడేవాడు. మళ్ళీ, మొండిపిల్ల, మేకుతోనే గీసి ఉంటుందిలే అనుకునేవాడు. కుప్ప తరిగేకొద్దీ చెయ్యి నెమ్మదించింది. గోడ మాత్రం నూలు పట్టినట్టు లేచింది. చూడటానికి వచ్చినవాళ్ళు దాని మీద అరచెయ్యి ఆనించి మరీ మెచ్చుకున్నారు.

ఐదో రోజు గదులకు రంగు వేయడానికి కింద ఊరి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. జీపు దిగీ దిగకముందే గోడ దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యో, మొత్తం కట్టేశారే! బాబాయ్, నా పేరు గాని కనబడిందా? పదిహేనేళ్ళ కిందట పెట్టాను."

మేస్త్రి చేతిలో తాపీ ఆగింది. "పేర్లెక్కడున్నాయమ్మా? ఒక్క ముఖం మీదా లేదు. అన్నీ చూశాను."

"ముఖం మీద ఎందుకుంటాయి? అడుగున కదా. ఇక్కడే సున్నం గుంట ఉండేది. వార్డెన్ సారు ఒక గరిటె సున్నం రాయి అడుగున పూసేవారు. గట్టిపడకముందే మేకుతో పేరు గీసి, ఆరాక మట్టి మీద బోర్లించి పెట్టేవాళ్ళం. పైకి రాస్తే పెద్ద రాయి మోసినవాడు చిన్న రాయి మోసినవాణ్ణి ఏడిపిస్తాడని..."

ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మేస్త్రికి వినబడలేదు. అతను తన కుడిచేతిలోని సుత్తిని చూస్తున్నాడు. కంచె చేను మేయడమంటే ఏమిటో అతనికి ఆ నిమిషంలో తెలిసింది.

మెల్లగా వంగి, కుప్పలో మిగిలిన వాటిలోంచి ఒక రాయిని తిరగేశాడు. అడుగున పెచ్చు. పెచ్చు మీద బురద. తడిగుడ్డతో అద్దాడు. వంకర అక్షరాలతో ఎవరో అబ్బాయి పేరు, పక్కన నవ్వుతున్న బొమ్మ.

"ఎన్ని కొట్టావు?" అన్నాడు బస్సాయన. ఆ గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"మూడొందల పైనే."

మిగిలినవి ముప్పై నాలుగు రాళ్ళు. ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తిరగేసి తుడిచారు. భూకంపం తాకిడికి చాలావాటికి పెచ్చులు ముందే ఊడిపోయాయి. ఏడు పేర్లు దొరికాయి. అందులో రంగులమ్మాయి పేరు లేదు. మేస్త్రి వెతుకుతున్నదీ లేదు. ఆఖరి రాయి తుడిచాక దాన్ని మళ్ళీ తిరగేశాడు, రెండో పక్కన ఏమైనా ఉంటుందేమో అన్నట్టు.

"పోన్లెండి బాబాయ్. మీకు తెలీదు కదా. నా పేరు నాకు గుర్తుంది, చాలదా?" అంది ఆ అమ్మాయి. తర్వాత అతని ముఖం చూసి ఆగిపోయింది. "మీవాళ్ళు ఎవరైనా..."

"మా అమ్మాయి" అన్నాడు. "లేదు." మూడేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

అంటూనే లేచి, గునపం అందుకుని, నిన్న కట్టిన పైవరసలో దించాడు. ఎవరూ ఆపలేదు. రెండు రాళ్ళు ఊడదీసి, నడుమ నింపిన పెచ్చులను చేతులతో తవ్వి తీసి నేల మీద పరిచాడు. గోరంత, వేలంత, రూపాయి బిళ్ళంత ముక్కలు. చాలావాటి మీద ఏమీ లేదు. కొన్నిటి మీద ఒక గీత, ఒక సున్నా, కొమ్ము విరిగిన ఒక అక్షరం. ఏ ముక్క ఏ రాయిదో, ఏ గీత ఎవరి చేతిదో ఎవరు చెప్పగలరు? ఒక ముక్కను పక్కదానికి ఆనించి చూశాడు. అతకలేదు. ఇంకోదానికి ఆనించాడు. అతకలేదు.

బస్సాయన పక్కన చతికిలబడి, ఏమీ అనకుండా తనూ రెండు ముక్కలు తీసి ఆనించి చూశాడు. ఆ మనిషి అరగంట సేపు నోరు మూసుకుని ఉండటం ఆ కొండ మీద ఎవరూ చూసి ఎరగరు. చివరికి అన్నాడు: "గోడ మొత్తం విప్పుదామంటే విప్పుదాం మేస్త్రీ. విప్పడం మాకు బాగా వచ్చు."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. పెచ్చులన్నీ మళ్ళీ గోడ నడుమ పోసి, రాళ్ళు రెండూ యథాస్థానంలో కూర్చోబెట్టాడు. ఏడు పేర్ల రాళ్ళనూ సుత్తి తాకించకుండా, అడుగున మాలు కాకుండా మట్టి పరిచి, పై వరసలో పక్కపక్కన పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కోకుండానే నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఎక్కాడు. ఫోను పలికేది అక్కడ ఒక్కచోటే.

పొద్దు ఇంకా వాలలేదు. భార్య మొదటి గంటకే ఎత్తింది.

"మందు వేసుకున్నారా?"

"వేసుకున్నా. ఏమే, నేనిక్కడికి ఎందుకొచ్చానో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ కొండకు మీరు ఇంకెందుకు వెళ్తారు?"

"మరి అడగలేదే?"

"మీరు చెప్పలేదుగా."

అప్పుడు చెప్పాడు. కోతలూ లేవు, చమత్కారాలూ లేవు. ముఖాలు వెతికిన సంగతి, సుత్తి సంగతి, పెచ్చుల సంగతి. "నా చేత్తోనే కొట్టేశానే" అన్నాడు.

అవతల ఎక్కడో కుళాయి కారుతున్నట్టు వినిపించింది.

"అడుగున రాశారని నాకు చెప్పింది" అంది ఆవిడ.

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే. జడ వేస్తుంటే. మీరు ముఖం ఎటు పెట్టావని నవ్వారు కదా, అలిగింది. నాన్నకి చెప్పకే, వస్తాడుగా, అప్పుడు నేనే రాయి ఎత్తి చూపిస్తా అంది. పేరు కూడా మొత్తం పట్టలేదట. రెండక్షరాలు గీసేసరికి సున్నం బిగుసుకుపోయిందట. మేస్త్రి కూతురివి, ఆమాత్రం తెలీదా అని అందరూ నవ్వారట."

మేస్త్రి ట్యాంకు గోడకు ఆనుకున్నాడు. "ఏ రెండు?"

"మొదటి రెండూ."

"బయల్దేరేటప్పుడు నువ్వు ఒక్క మాట అని ఉంటే..."

"అవును. అనాల్సింది. సంచీ సర్దుతుంటే నోటి దాకా వచ్చింది. మీరేమో చేతులు తుప్పు అంటున్నారు. సరే, మీకిష్టం లేదేమోలే అనుకున్నాను."

కింద ఎవరో గది కిటికీకున్న పాత రంగు గీకుతున్నారు. ఆ చప్పుడు పైదాకా వస్తోంది. ఇద్దరూ ఫోను పెట్టలేదు. మామూలుగా అయితే ఈపాటికి అతను ఏదో ఒక అబద్ధం అల్లి, ఆవిణ్ణి నవ్వించి, సరే ఉంటానే అనేవాడు. ఇప్పుడు నోట్లో ఒక్కటీ లేదు.

"ఆ రోజు ఇంకో మాట కూడా అంది" అంది ఆవిడ కాసేపటికి. "చెప్పనా?"

"చెప్పు."

సున్నం అంటిన చేత్తో ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని మేస్త్రి నేల మీద కూర్చున్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.