ఆయ్ తరవాత మాట

"ఐ కట్ ది ఆనియన్" అని ఉల్లిపాయకు చెప్పి మరీ కోసింది సత్యదుర్గ. ఉల్లిపాయ ఏమీ అనలేదు. ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుని, "ఐ క్రై" అంది. అదీ నిజమే కనుక వాక్యం సరిపోయిందనుకుంది.

దిండి రేవు వదిలిన హౌస్‌బోటు గోదావరి మీద నిద్రలో నడుస్తున్నట్టు సాగుతోంది. దాని వెనక భాగంలో వంటగది. అందులో ఇద్దరు నిలబడితే మూడో మనిషి పక్కకు తిరిగి దూరాలి. పొట్టిగా, వెడల్పయిన భుజాలతో, ముందరి జుట్టు మాత్రమే నెరిసిన సత్యదుర్గ మాత్రం అక్కడ దేనికీ తగలకుండా తిరుగుతుంది. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. వేళ్ల సందుల్లో ఎంత రుద్దినా పోని పసుపు. బోటెక్కినవాళ్లు చేపల పులుసు బాగుందని బోటు నడిపే సరంగు సాలమోనుతో చెప్పి దిగిపోతారు. వండిన మనిషి ఒకతె వెనక ఉందని వాళ్లకు తట్టదు. తట్టాలని ఆమె కూడా ఏనాడూ అనుకోలేదు.

ఇవాళ సాయంత్రం ఆమెకు మస్కట్ నుంచి ఫోను వస్తుంది. అక్కడొక మేడం తన ముసలి తల్లిని చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతోంది. అన్నీ నచ్చాయి, కాస్త ఇంగ్లీషు మాట్లాడితే చాలంది. ఆ కాస్త కోసమే సత్యదుర్గ పొద్దుట్నుంచీ ఉల్లిపాయలతో మాట్లాడుతోంది. జీతం గురించి ఏజెంటు ఏదేదో చెప్పాడు గానీ ఆమె సగమే విన్నది. పనిమనిషికి విడిగా గది ఇస్తారు, తలుపుకి లోపల గడియ కూడా ఉంటుంది అన్నాడు చూడండి, ఆమె చెవి అక్కడే ఆగిపోయింది.

మొగుడు వదిలేసి పోయిన దగ్గర్నుంచీ అన్నగారింటి వసారాలోనే ఆమె పడక. వసారాకి తలుపెక్కడిది, మూలన ఓ పాత చీర అడ్డం తప్ప? చీర మార్చుకోవాలన్నా, కాసేపు కూర్చుని ఏడవాలన్నా, ఇంట్లోవాళ్లు అటూ ఇటూ తిరగని వేళ చూసుకోవాలి. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వీధిలోకి దారి అటే ఉంది, అంతే. గడియ వేసుకుని ఒక్క రాత్రి పడుకోవాలని ఆమెకెంత ఆశో ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఓస్ ఇంతేనా అంటారని.

ఇంగ్లీషు నేర్పింది బ్లెస్సీ. ఈ బోటు తిప్పే రిసార్టులో రిసెప్షన్ దగ్గర కూర్చునే అమ్మాయి. రాజోలులో వాళ్ల నాన్నగారు మాస్టారు. వయసులో సత్యదుర్గకు సగం ఉంటుంది. అయినా ఈమె ఆ పిల్లతో అండి అనకుండా మాట్లాడదు, అవుననాలన్నా సరేననాలన్నా గోదారి మర్యాదలో ఆయ్ అంటుంది.

"పుస్తకం జోలికి పోకండి పిన్నిగారూ. ఏ పని చేస్తుంటే ఆ పని పైకి చెప్పుకోండి. వినేవాళ్లు లేకపోతే గిన్నెలకి చెప్పండి" అంది బ్లెస్సీ మొదటి రోజు.

"ఆయ్."

"ముందు తెలుగులో అనుకుని తర్వాత మార్చుకోకండి. మీరు మార్చేలోపు అవతలి మనిషి వెళ్లిపోతారు."

"ఆయ్."

"తప్పొచ్చిందని ఆగిపోవద్దు. పడవ ఇసక మేటకి తగిల్తే సాలమోను గారు ఏం చేస్తారు?"

"తిడతారండి."

బ్లెస్సీ నవ్వాపుకోలేక, "తిట్టాక?" అంది.

"పక్కకి లాక్కుని పోనిస్తారండి."

"అంతేనండి ఇంగ్లీషంటే."

అన్నీ బాగానే వంటబట్టాయి గానీ, ఒకటి మాత్రం మొండికేసింది. ఇంగ్లీషులో ఎవరు చేశారో ముందే చెప్పాలి. తెలుగులో ఆ బాధ లేదు. వండేను అంటే చాలు, వండిందెవరో తెలిసిపోతుంది. ఇన్నేళ్లలో నేను అని మొదలుపెట్టి ఆమె ఎవరితో మాట్లాడింది గనక? గిన్నెల ముందు ధారాళంగా వచ్చే ఐ, మనుషుల ముందు గొంతులోనే ఉండిపోతుంది. "కుక్ ఫిష్. వాష్ క్లాత్స్" అంటుంది, మిగిలినవాళ్లందరికీ పని చెబుతున్నట్టు.

"కంగారు పడకండి. ఒకరోజు కల ఇంగ్లీషులో వస్తుంది. వచ్చిందంటే ఇంక భాష మీదే" అంది బ్లెస్సీ.

అప్పట్నుంచీ సత్యదుర్గ రోజూ ఆ కల కోసం పడుకుంటోంది. వచ్చినవన్నీ తెలుగు కలలే.

మధ్యాహ్నం బోటులోని వాళ్లు పండుగప్ప చేప వేపుడుతో భోంచేసి ఎక్కడివాళ్లక్కడ జోగుతున్నారు. గిన్నెలు తోమి, ఇంత తిని, ఆమె కూడా వెనక చెక్కల మీద నడుం వాల్చింది. కింద ఇంజను గురకపెడుతోంది. కొబ్బరాకుల నీడలు ముఖం మీంచి వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఎండ ఎర్రగా రెప్పల్లోంచి లోపలికి దిగింది.

రెండు ఒడ్డులూ నెమ్మదిగా వెనక్కి నడిచిపోయాయి. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. బోటు ముందు కొమ్ము మీద అమ్మ కూర్చుని నీళ్లలో కాళ్లాడిస్తోంది. ఆఖరి రెండేళ్లూ మంచం మీదే ఉన్న మనిషి, వసారాలో సత్యదుర్గ చేతుల మీద పోయిన మనిషి. బతికుండగా ఆవిడకు వచ్చిన ఇంగ్లీషల్లా టైము, బస్సు. అలాంటిది ఇప్పుడు తల తిప్పి, తీరిగ్గా, "ఆర్ యూ కమింగ్?" అంది.

"ఆయ్" అంది సత్యదుర్గ.

అమ్మ ఇంకా వినాలన్నట్టు చూస్తూనే ఉంది. ఆ చూపులోనే మెలకువ వచ్చింది. చెంప తడిగా ఉంది. ఇది ఇంగ్లీషు కలేనా, సగం తెలుగులో తేలినందుకు చెల్లదా అని బ్లెస్సీని అడగాలనుకుంది. అంతలో రేవు వచ్చేసింది.

రిసెప్షన్ వెనక గదిలో బ్లెస్సీ ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది. తను జవాబులు అందించకూడదని ముందే ఒట్టు పెట్టుకుంది. తెర మీద మేడం ముఖం కనబడింది. నల్లటి ముసుగు, అలసిపోయిన మంచి కళ్లు.

"యూ కుక్ ఫిష్?"

"ఆయ్" అంది సత్యదుర్గ, మర్యాదగా తలొంచి.

మేడం చూస్తోంది. ఈమె కూడా చూస్తోంది.

"యెస్? యూ వాట్?" అంది మేడం. సత్యదుర్గ మళ్లీ తలొంచేసరికి ఇంకోటి అడిగింది. "యూ కెన్ లివ్ ఫార్ ఫ్రమ్ హోమ్?"

"ఆయ్."

మళ్లీ అదే ఎదురుచూపు. మేడం కనుబొమలు ముడిపడ్డాయి. పక్కకు తిరిగి ఎవరితోనో అరబ్బీలో ఏదో అంది. ఈ మనిషి ప్రతిదీ మొదలుపెట్టి ఆపేస్తోందేమిటని కాబోలు. బ్లెస్సీ ఒట్టు గట్టున పెట్టి, సత్యదుర్గ చెవి దగ్గరకు వంగింది.

"పిన్నిగారూ, మీరు ఆయ్ అంటుంటే ఆవిడకి ఐ అని వినపడతోంది. మిగతాది ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నారు. చెప్పండి."

"ఆయ్ అన్నాక ఇంక మిగతా ఏం ఉంటుందండీ?" అంది సత్యదుర్గ బిత్తరపోయి.

కానీ ఆ మాట అంటూనే ఆమెకు తెర మీది కళ్లు ఇందాక కలలో చూసినవే అనిపించాయి. ఆమెకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్లుగా తను ఎక్కడ ఆగిపోతోందో అక్కడే ఎవరో ఒకరు ఆగి, వినడానికి కూర్చున్నారు.

"ఓల్డ్ మదర్, యూ టేక్ కేర్ బిఫోర్?" అని మేడం, ఇదే ఆఖరన్నట్టు అడిగింది.

"ఆయ్..." అంది సత్యదుర్గ. ఈసారి ఆగలేదు. "ఐ వాష్ మై మదర్. ఐ కోంబ్ హెయిర్. ఐ గివ్ రైస్, స్మాల్ స్మాల్. షీ నో స్లీప్, ఐ నో స్లీప్. షీ గో, ఐ హోల్డ్ హ్యాండ్."

అవతల మేడం కళ్లు తుడుచుకుంది. కాసేపటికి, "యూ వాంట్ టు ఆస్క్ ఎనీథింగ్?" అంది. జీతం సంగతి అడుగుతుందనుకుంది బ్లెస్సీ.

"ఐ వాంట్ డోర్" అంది సత్యదుర్గ. అర్థమైందో లేదోనని గాలిలో గడియ వేసి చూపించింది. "ఇన్‌సైడ్."

మేడం నవ్వలేదు. "యెస్. యువర్ డోర్" అంది.

శ్రావణంలో వీసా వచ్చింది. సత్యదుర్గ ఒక చిన్న పెట్టె సర్దుకుని, అమలాపురంలో బస్సెక్కి, అక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్లి విమానం ఎక్కింది. వెళ్లేటప్పుడు పెద్దగా ఏడుపులేమీ లేవు. అన్నగారు బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి, చివరికి నీళ్ల సీసా అందించేడు. ఆమె ఆయ్ అనలేదు. "ఐ గో అండ్ కమ్, అన్నయ్యా" అంది. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా తల ఊపేడు.

మర్నాడు పొద్దున్న వదిన సువర్ణ చీపురు పట్టుకుని వసారాలోకి వచ్చింది. మూలన, గోడకు ఒక మేకు, స్తంభానికి ఒక మేకు కొట్టి, వాటి మధ్య సత్యదుర్గ అడ్డంగా కట్టుకున్న పాత చీర అలాగే ఉంది. ఇన్నేళ్లూ ఎవరికి ఏది కావాలన్నా దాన్ని పక్కకు తోసేసి లోపలికి పోయినవాళ్లే గాని, ఇవతల నిలబడి పిలిచినవాళ్లు లేరు. సువర్ణ చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"దుర్గా, రావచ్చా?" అని అడిగింది.

ఉతికి ఉతికి పువ్వులు చెరిగిపోయిన ఆ చిలకపచ్చ చీర, ఏ గాలీ లేక, తలుపులా నిలబడి ఉంది.