అసలు ఇంట్లో లేని గది

పెద్దక్క దారం రీళ్లు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి, ఆమె గది గోడ మీద ఎర్ర సుద్దతో తలుపంత ఇంటూ మార్కు గీసి ఉంది. కుట్టు మిషన్ని వాకిట్లోకి ఈడ్చి పడేశారు. దాని మీద సగం కుట్టిన జాకెట్టు, ఆ జాకెట్టు మీద ఎవడో తాగి పెట్టిన టీ గ్లాసు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడ్రా నా గది మీద గీతలు గీసింది?"

తమ్ముడు తాపీగా బయటికొచ్చాడు. వెనకే ఆర్కిటెక్టు, చేతిలో ఇల్లు కట్టిన కొత్తలో తీసిన ఫొటో. ఈమధ్య తమ్ముడికి పాత ఇళ్ల పిచ్చి పట్టింది. తాత కట్టించినప్పుడు ఎలా ఉందో ఇంటిని అచ్చం అలాగే చేస్తానని ఊరందరికీ చెప్పుకు తిరిగాడు. చెప్పనిదల్లా అక్కకే.

"కోప్పడకే అక్కా. ఫొటో చూడు, ఇక్కడ వట్టి వరండాయే. నీ గది తర్వాత అతికించింది. అసలు ఇంట్లో లేదు."

"మరి నేనెక్కడ పడుకోను? మిషనెక్కడ పెట్టుకోను?"

"హాల్లో ఓ మూల సర్దుకుందువులే."

సర్దుకోవడమట! మొగుడితో పడలేక పుట్టింటికొచ్చిన నాటి నుంచీ ఆ మాట విని విని ఆమె చెవులు చిల్లులు పడ్డాయి. లోపలికెళ్లి గడియ పెట్టుకోవడానికి ఆమెకున్న తలుపు అదొక్కటే.

"అసలు ఇల్లే కావాలా? అయితే రా!" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకు తిరిగింది. "ఈ వంటింటి గట్టు అమ్మకు నడుం పట్టేశాక కట్టించారు. కొట్టించెయ్, నీ పెళ్ళాం నేల మీద కూర్చుని వండుతుంది. ఈ బాత్‌రూము నాన్న కట్టించింది. తాత రోజుల్లో చెంబు పట్టుకుని పెరటి చివరికి పోయేవాళ్లు, నువ్వూ పో! ఈ మెట్లు, పైన నీ ఏసీ గది నిన్నగాక మొన్న నీ పెళ్ళికి వేసినవి. వాటి మీద గీత ఏదిరా?"

"మేడ సంగతి తర్వాత చూద్దామన్నారు కదా సార్," అని ఆర్కిటెక్టు నసిగాడు. తమ్ముడు అతన్ని కొరికేసేలా చూశాడు.

"అదీ ఇదీ ఒకటేనా? పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. నీకేం..." అని మిగతాది మింగేశాడు. మింగినా వినబడింది.

"నాకేమా? ఆ వరండాకు నాన్న గోడ ఎందుకు లేపాడో తెలుసా? అమ్మకు నెలలు నిండాయి, వానజల్లు కొడుతోందని. ఇటుకలు నేనే అందించాను. ఆ గదిలోనే పుట్టావురా నువ్వు! ఫొటోలో ఆ గదీ లేదు, నువ్వూ లేవు. నేనున్నాను చూసుకో, తాత చంకలో."

ఆర్కిటెక్టు ఫొటోను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, తమ్ముడి చేతికిచ్చాడు. వరండా మెట్ల మీద తాత, ఆయన చంకలో బోడిగుండు పిల్ల.

ఆమె ఆర్కిటెక్టు జేబులోంచి సుద్ద లాక్కుని చరచరా మేడెక్కింది. తమ్ముడి పడగ్గది తలుపు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఇంటూ గీసింది.

"ముందు ఇది కొట్టించు. తర్వాత నా గది దగ్గరికి రా!"

కిందికొచ్చి, గ్లాసు తీసి అవతల పెట్టి, మిషన్ని తనే లోపలికి లాక్కుని గడియ పెట్టుకుంది.