వీధి అవతలి పొయ్యి

పక్కింటి దర్జీ పెళ్లాం పాలావిడ చెవిలో వేసిందట, పాలావిడ పాలతోపాటు ఇంటింటికీ పోసేసింది: పురుగుమందుల కొట్టువాళ్లింట్లో మొగుడికీ పెళ్లానికీ పడటం లేదట, ఆవిడ వంట మానేసిందట, ఆయనే వీధి అవతల రేకుల పాకలో పొయ్యి పెట్టుకుని చేతులు కాల్చుకుంటున్నాడట.

చేతులు కాలుతున్న మాట నిజమే. కూర మాడుతున్న మాట అంతకన్నా నిజం. మొగుడూ పెళ్లాల మధ్య మాత్రం ఏ పేచీ లేదు. పేచీ అంతా లైసెన్సుతోనే.

నెలాఖరుకి దానికి గడువు తీరిపోతుంది. తనిఖీకి వచ్చిన అధికారి రెండు మెలికలు పెట్టి పోయాడు. కొట్టు తెరిచున్నంతసేపూ కెమిస్ట్రీ చదివినవాళ్లు అందులోనే కూర్చోవాలి. ఆ ఇంట్లో కెమిస్ట్రీ చదివింది ఆవిడ. ఆయన చదువు సరిగ్గా ఆ సబ్జెక్టు దగ్గరే బోర్లాపడింది. రెండోది, మందులున్న కప్పు కింద తినే వస్తువు ఉండకూడదు. వీళ్ల కొట్టు ముందుగది, వంటిల్లు వెనకగది. కప్పు ఒక్కటే.

మందులు వేరేచోటికి మారుద్దామంటే ఆ చోటికి మళ్లీ కొత్త లైసెన్సు. ఆయన రాత్రంతా బుర్ర గోక్కుని తేల్చాడు: వంటింటికైతే ఏ లైసెన్సూ అక్కర్లేదు. తెల్లారేసరికి ఉప్పు డబ్బాతో సహా వంటిల్లు వీధి దాటింది.

"ఒరేయ్, నా బీపీ మాత్రలు తినే వస్తువా, కాదా?" అని ముసలమ్మ కొడుకుని నిలదీసింది.

"మింగే వస్తువు అత్తయ్యా, ఉంచుకోండి," అంది కోడలు కుర్చీలోంచి కదలకుండా.

నెలాఖరు దగ్గరపడుతుండగా అధికారి మళ్లీ వచ్చాడు. భుజం మీది సంచి కొట్లో బల్ల మీద పడేసి, కుర్చీలో ఆవిడ ఉందా చూశాడు. గోడకి డిగ్రీ ఉందా చూశాడు. వెనకగదిలోకెళ్లి వంటగట్టు వాసన చూశాడు. ఫినాయిల్ కంపు ఘాటుకి తుమ్ముకుంటూ వచ్చి, అంతా సరిగ్గానే ఉందనబోయి ఆగిపోయాడు.

గోడ మీద చీమలబారు.

"ఇవేంటి?"

"దారిన పోయే చీమలండీ," అన్నాడు కొట్టాయన.

"తిండి లేనిచోటికి చీమలెందుకొస్తాయి? లేదూ, మందుల మధ్య తిరిగినా చావడం లేదంటే మీ సరుకు నకిలీ. ఏది రాసుకోమంటారు?"

తిండి ఉందంటే లైసెన్సు పోతుంది, లేదంటే కొట్టు పరువు పోతుంది.

"ప్యాకెట్లు విప్పలేదు గనక చావలేదు," అంది ఆవిడ. "విప్పి అమ్మకూడదన్నది మీరేగా?"

"అయితే తిండి ఉన్నట్టే. పదండి, ఎక్కడికి పోతున్నాయో చూద్దాం."

ముగ్గురూ నడుములు వంచి చీమల వెంట పడ్డారు. ఆ చీమలు కిటికీలోంచి దిగి, అలమర మీద పాకి, చీమల మందు ప్యాకెట్టునే వంతెన చేసుకుని బల్ల మీదికి వచ్చి, సంచిలో దూరుతున్నాయి. అధికారి సంచి. అందులో ఆయన భోజనం క్యారియర్, కారుతూ.

"హమ్మయ్య!" అన్నాడు కొట్టాయన. "మీదేనండీ!"

అధికారి చీమల్ని దులిపి, క్యారియర్ మూత బిగించి, పెన్ను తీశాడు. "ఎవరి తిండి అని రూల్లో లేదయ్యా. కప్పు కింద తిండి కనబడింది. లైసెన్సు ఆపక తప్పదు."

"బాబ్బాబు, మీ క్యారియర్ కోసం మా పొట్ట కొడతారా?"

"నా చేతుల్లో ఏముంది?"

"పెన్నుందిగా నాయనా," అంది ముసలమ్మ గుమ్మంలోంచి.

అధికారి వినిపించుకోకుండా రాయడం మొదలెట్టాడు. అప్పుడు కోడలు కుర్చీ జరుపుకుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"రాయండి. ఈ కప్పు కింద మేం తినడం మానేసి నెల కావస్తోంది. ఇవాళ తిండి తెచ్చి పెట్టిందెవరో, వాడి పేరూ ఉద్యోగమూ కూడా రాయండి."