మలుపు దగ్గర ఆగని బండి

ఏడాది ఆఖరి రాత్రి. పదకొండు దాటేసరికే ఫైరింజను ఆరుసార్లు వెళ్ళి వచ్చింది. ఊరంతా టపాకాయలు, తాగినవాళ్ళ కేకలు. స్టేషన్లో అందరి గొంతుల్లోనూ పొగ. డ్రైవరు గోడకి చేరగిలబడ్డాడు. పక్క బల్ల మీద అతని బావమరిది తడి కోటు తలకింద పెట్టుకుని వాలాడు. ఇద్దరిదీ ఒకే డ్యూటీ. పట్టుబట్టి అక్కని ఈ డ్రైవరుకిచ్చి పెళ్ళి చేయించింది అతనే.

"బావా, అక్క పెట్టిన డబ్బాలో ఏమన్నా మిగిలిందా?"

"మూత మిగిలింది."

బావమరిది నవ్వబోతే దగ్గొచ్చింది.

ఫోను మోగింది. అందరూ పెద్దాయన అని పిలిచే ఆఫీసరు తీసి రాసుకున్నాడు. పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి వింటూ డ్రైవరు వైపు చూశాడు.

"రేవు దగ్గర దూది గోదాము అంటుకుంది. లోపల ఇద్దరు కాపలావాళ్ళున్నారట. రెండోది..." రాసుకున్న కాయితం మడిచాడు. "మీ ఇంటి కింది బట్టల కొట్టు. దానికి పక్క స్టేషన్ బండి బయల్దేరింది. మనం గోదాముకి."

ఆ కొట్టు పైన మూడో అంతస్తులో డ్రైవరు కాపురం.

"మా అక్క ఒక్కతే ఉంది పెద్దాయనా!" బావమరిది లేచి నిలబడ్డాడు.

"తెలుసురా. గోదాములోవాళ్ళకి మనం తప్ప దిక్కులేదు."

డ్రైవరు బండెక్కాడు.

రేవుకి వెళ్ళే దారి వాళ్ళ వీధి మలుపు మీదుగానే. మేడ కిటికీల్లోంచి పొగ సుడులు తిరుగుతోంది. పక్క స్టేషన్ బండి గంట ఇంకా వినబడలేదు.

"ఆపు బావా, నేను దిగిపోతాను."

"నువ్వు దిగితే అక్కడ పైపెవడు పట్టుకుంటాడు?"

"లోపలుంది మా అక్క!"

"నా పెళ్ళాం కాదేమిట్రా?"

బండి ఆగలేదు.

దూది మంట దొంగ మంట. పైన ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటుంది. డ్రైవరు పంపు దగ్గర నిలబడి నీళ్ళ ఒత్తిడి తగ్గకుండా చూస్తూనే ఉన్నాడు. పన్నెండింటికి రేవులో ఓడలన్నీ కూతలు పెట్టాయి. అప్పుడే బావమరిది పాకుతూ ఒక కాపలావాణ్ణి ఈడ్చుకొచ్చాడు. రెండోవాణ్ణి తెచ్చేసరికి ఊపిరి లేదు.

తిరిగొచ్చేసరికి నాలుగయింది. స్టేషన్ బల్ల మీద డ్రైవరు భార్య కూర్చుని ఉంది, ఎవరిదో దుప్పటి కప్పుకుని. కనుబొమలు మాడిపోయాయి. తమ్ముడు పరుగున వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఊరుకోరా. పై వాటా ముసలావిణ్ణి వీపునేసుకుని దిగాను. ఆవిడా బాగానే ఉంది. ఇల్లే, పుల్ల మిగల్లేదు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మీ బండి మలుపు దాటిపోవడం కిటికీలోంచి చూశాను. ఆగుతుందనుకున్నాను."

అతను తల దించుకుని నిలబడ్డాడు.

"అక్కడ ఎంతమందిని తీశారు?" అని అడిగింది.

"ఇద్దరిని. ఒకడే బతికాడు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అతను తూలి గోడ పట్టుకున్నాడు. జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి, పడిపోతారు."

కూర్చున్నాడు. బయట టపాకాయలు ఎప్పుడో ఆగిపోయాయి.

"ఈసారి కింది వాటా చూడండి," అంది ఆమె కళ్ళు మూసుకుని. "ఇక మెట్లు నావల్ల కాదు."

"సరే," అన్నాడు.